పసిపిల్లల కొఱకు మా చదువు

పంతులమ్మలు పరీక్షలకు చదువుచున్నారని తెలిసిన నాడు మన పాఠశాల విద్యార్థులకు కలిగిన ఆనందము ఇంతయని చెప్పుటకు వలను పడదు. "ఎన్ని మార్కులొచ్చాయండీ?" అని ఎనిమిదవ తరగతి పిల్లలు వసారాలో అడ్డగించి యడిగిరి. "హోంవర్కు చేసేరా?" అని యింకొకడు స్తంభము చాటునుండి కేకవేసి పరుగెత్తెను. మేము కోపపడలేదు. ఇన్నేండ్లుగా వారికి మేము చెల్లింపవలసిన బాకీ అది. తలిదండ్రులు కొందరడిగిన ప్రశ్న మాత్రము వేఱు. పదునైదేండ్లు పాఠములు చెప్పిన తరువాత, అక్షరములైనను రాని పసిపిల్లలకు చెప్పుటకు ఎం.ఏ. పట్టమేల అని వారి సందేహము. ఆ సందేహమునకు వసారాలో నిలిచి సమాధానము చెప్పుట కుదరలేదు గనుక ఈ పుటలయందు చెప్ప బూనితిమి.

మేమనగా ఇద్దరము. ప్రాథమిక విభాగమున ఒకరు ఒకటవ తరగతికి, ఒకరు రెండవ తరగతికి బోధింతుము. మాలో పెద్దవారు ఈ పర్లాకిమిడి ఆడపడుచు. చిన్నవారు పాతపట్నమునుండి ఈ ఊరికి కోడలుగా వచ్చినవారు. రెండూళ్లకు నడుమ దూరము స్వల్పమే గాని ఆ స్వల్పమైన దూరములోనే రాష్ట్రపు ఎల్ల కలదు. అటువైపు పుట్టినవారికి తెలుగు మాట గాలివంటిది. ఉన్నదను తలంపే రాదు. ఇటువైపు అది యేటేట లెక్కపెట్టి చూచుకొనవలసిన వస్తువు.

మా చదువునకు మూలము ఒక హాజరు పట్టీ. ఒకటవ తరగతి పట్టీయందు మూడేండ్ల క్రిందట 23 పేర్లుండెను. మరుసటి యేడు 14. ఆపై 9. ఊరిలో తెలుగువారు తగ్గలేదు. పెండ్లి పందిరులయందును, కూరగాయల సంతయందును మన మాట వినవచ్చుచునే యున్నది. తగ్గినవారు మా గుమ్మమెక్కు పిల్లలు మాత్రమే. కారణమును వెదకుటకు దూరము పోనక్కర లేకపోయెను. మూడేండ్ల బిడ్డను ఇంగ్లీషు నర్సరీకి పంపిన తల్లి ఆరవ యేట ఆ బిడ్డను అచటినుండి తీసి మన బడిలో వేయదు. వేయుమని చెప్పుట న్యాయమును కాదు. బిడ్డకు అచట స్నేహితులు ఏర్పడిరి, ఇంటి ముందరకు బండి వచ్చును, మెడకు టై కూడ ఉన్నది. మా వీథి అంగన్‌వాడీకి పోవు పిల్లలకు ఆటపాటలు ఒడియాలో నడచును. వారు ఆవల ఒడియా బడిలో చేరుట సహజము. అనగా మనము ఆరవ యేట తలుపు తెరచునప్పటికి పిల్లల దారులు మూడవ యేటనే ఏర్పడిపోయి యున్నవి.

కావున మూడేండ్లు నిండిన పిల్లలకు తెలుగున ఒక శిశువర్గము పెట్టవలెనని పాలకవర్గమువారు తలంచిరి. "పెట్టడము తేలికే, నడిపేది ఎవరు?" అని ప్రధానోపాధ్యాయులు అడిగిరి. వారి ప్రశ్న సమంజసమైనది. పిల్లలను వరుసగా కూర్చుండబెట్టి పలకపై అ ఆ లు దిద్దించుటయే శిశువర్గమైనచో దానికి ఎవరైనను చాలుదురు. 2020 నాటి జాతీయ విద్యా విధానము 3 యేండ్లు మొదలు 8 యేండ్ల వఱకు గల వయస్సునంతను ఒకే పునాది దశగా చేసినది. బడికి ముందరి మూడు సంవత్సరములును, ఒకటి రెండు తరగతులును అందు కలిసియున్నవి. ఆ దశకు విడిగా ఒక పాఠ్యప్రణాళికా చట్రము 2022లో వెలువడినది. దానిని చదివిన నాడు, ఇది మాకు తెలిసిన పనియే యని ధైర్యముగా చెప్పుటకు మా ఇద్దరికిని నోరు రాలేదు. మా శిక్షణ ఆరేండ్లు దాటిన పిల్లలకై యిచ్చినది. మూడేండ్ల బిడ్డ చిన్న ఆరేండ్ల బిడ్డ కాదు.

ఈ శాస్త్రమును గురువు నెదుట కూర్చుండి నేర్వవలెనన్న మహానగరములకు పోవలయును. మాకు ఉద్యోగములున్నవి. ఒకరి యింట మంచముపట్టిన అత్తగారు, ఒకరి యింట పదవ తరగతి చదువుచున్న కుమారుడు కలరు. అందుచే అంతర్జాలము ద్వారా నడచు స్నాతకోత్తర విద్యలో చేరితిమి. పట్టము విద్యాశాస్త్రమునందు, శిశువిద్య మేమెన్నుకొన్న ప్రత్యేకాంశము. విశ్వవిద్యాలయము పేరు ఇచట అప్రస్తుతము.

మీలో మున్ముందు ఇట్టి దారి త్రొక్కదలచువారు, విశేషించి మన బాలికలు, ఒకటి రెండు సంగతులు తెలిసికొనుట మేలు. దూరవిద్యకును, అంతర్జాల విద్యకును విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2020లో నియమావళి నేర్పరచినది. గుర్తింపు గల సంస్థ ఆ దారిన ఇచ్చు పట్టము తరగతిలో కూర్చుండి చదివిన పట్టముతో సమానమని 2022లో ప్రకటించినది. గుర్తింపు గల సంస్థ అను మాట ముఖ్యము. సంఘమువారి దూరవిద్యా విభాగము ప్రకటించు జాబితాలో సంస్థ పేరును, మీరు చదువగోరు విషయము పేరును రెండును చూచి గాని రుసుము కట్టవలదు. ఇంకొకటి. విద్యాశాస్త్రమున ఎం.ఏ. వేఱు, ఉపాధ్యాయ శిక్షణ వేఱు. మొదటిది చేతనున్నంత మాత్రమున బడిలో నియామకమునకు అర్హత కలుగదు. మాకు శిక్షణ యోగ్యత ముందే కలదు గనుక ఈ పట్టము దానిపై అదనముగ నిలుచును.

కాలమెంత పట్టునని అడుగువారికి లెక్క చెప్పెదము. మా చదువు 80 క్రెడిట్లు. ఒక్కొక్క క్రెడిట్టునకు 30 గంటల శ్రమయని నియమము. మొత్తము 2400 గంటలు. రెండేండ్లకు పంచినచో వారమునకు ఇంచుమించు 23 గంటలు. పగలు ఆ గంటలు దొరకవు. మా చదువు రాత్రి తొమ్మిదింటికి అంట్లు తోమిన పిమ్మట మొదలగును. ఫోను సిగ్నలు సరిగా అందునది పెద్దవారి మేడమీద నీళ్ల ట్యాంకు ప్రక్కన మాత్రమే. అచట చాప పరచి, వేపాకు పొగ వేసి, ఒక్క ఫోనును ఇటుకకు ఆనించి, ఇద్దరమును చూచుచుందుము. ఎక్కడనో యున్న ఆచార్యులవారు ముఖ్యమైన మాట చెప్పబోవునప్పుడే తెరపై నోరు తెరచి బొమ్మవలె నిలిచిపోవుదురు. ఆయన మరల కదలువఱకు ఆ మాట యేమై యుండునో మేమే ఊహించుకొందుము. ఒకమారు మా ఊహయే ఆయన మాటకన్న బాగుండెనని చిన్నవారు ఇప్పటికిని వాదింతురు.

చేరిన తొలినాటి సంగతి యొకటి చెప్పక తప్పదు. దరఖాస్తు పత్రమున రాష్ట్రము ఒడిశా అని పూరించినంతనే మాతృభాష గడిలో కొన్ని పేర్లు మాత్రమే కానవచ్చెను. వానిలో తెలుగు లేదు. 'ఇతరములు' అను గడిని నొక్కి ముందుకు పోయితిమి. బిడ్డకు మాతృభాషలో తొలి చదువు చెప్పవలెనని బోధించు శాస్త్రమునకు మేము ఆ గడిగుండ ప్రవేశించితిమి!

పాఠములన్నియు ఇంగ్లీషున నుండును. పరీక్షయు ఇంగ్లీషుననే. పారిభాషిక పదములు రాళ్లవలె అడ్డుపడెను. వానికి మన మాటలు వెదకి ఒక నోటుపుస్తకమున వ్రాయనారంభించితిమి. ఒకటి చెప్పెదము. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అను మువ్వురు పండితులు బిడ్డకు పెద్దలిచ్చు తోడ్పాటునకు 'స్కాఫోల్డింగ్' అను పేరు పెట్టిరి. నిఘంటువు చూడగా మేస్త్రీలు గోడకు కట్టు వెదురుబొంగుల పరంజా యని తేలెను. పరంజా యని వ్రాసికొన్న వెంటనే పాఠము సగము బోధపడెను. పరంజా ఇల్లు కాదు. గోడ లేచిన కొలది విప్పవలసినది. ముందే విప్పినచో మేస్త్రీ క్రింద పడును, ఎన్నటికిని విప్పకున్నచో ఆ యింట ఎవరును కాపురముండలేరు. రష్యా దేశీయుడగు వైగోట్‌స్కీ అంతకు ముందే ఈ భావమునకు దారి తీసెను. బిడ్డ తానొక్కతె చేయగల పనికిని, పెద్దల సాయమున చేయగల పనికిని నడుమ నొక మేర కలదనియు, నేర్పుట అచటనే జరుగవలెననియు ఆయన చెప్పెను. ఇప్పుడా నోటుపుస్తకమున 200 పైచిలుకు మాటలున్నవి. మాకు ఈ పట్టముకన్న ఆ పుస్తకముపైననే మక్కువ ఎక్కువ.

పియాజే చెప్పిన నీళ్ల పరీక్షను మజ్జిగతో చేసి చూచితిమి. ఒకేరీతి గ్లాసులు రెంటిలో సమానముగా పోసి, బిడ్డ చూచుచుండగనే ఒకదానిని సన్నని పొడుగు గ్లాసులోనికి వంపితిమి. "ఇందులో ఎక్కువుంది" అని నాలుగేండ్ల బాలుడు పొడుగు గ్లాసును చూపెను. ఇంతవఱకు పుస్తకము చెప్పినట్లే జరిగెను. ఆవల వాడు ఆ గ్లాసునే ఎత్తి గటగట త్రాగివేసెను. పుస్తకమున అది లేదు.

శిశువిద్య చరిత్రలో మమ్ము పట్టి నిలిపినవారు పలువురు లేరు. ఫ్రీబెల్ జర్మనీలో 1837లో పసిపిల్లలకు ఆటల బడి తెరచెననియు, కిండర్‌గార్టెన్ అనగా పిల్లల తోటయనియు మీరెరిగినదే. మాంటిస్సోరీ రోమునగరపు పేదవాడలో 1907లో తన బాలగృహమును తెరచినది. 1939లో మదరాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మొదలిడినది. వీరిద్దరికన్న మాకు దగ్గరివాడుగా తోచినవాడు గిజుభాయి బధేకా. ఆయన న్యాయవాది. తన కుమారుని చదువు గూర్చి చింతించి నల్లకోటు విడిచి, 1920లో భావనగరమున బాలమందిరము స్థాపించెను. పిల్లలాయనను మీసములున్న అమ్మయని పిలిచిరట. ఆయన 'దివాస్వప్న' తెలుగున 'పగటి కల' పేర లభించును. తలిదండ్రులు ఒకనాటి రాత్రి చదివి ముగింపవచ్చును.

ఆయన తోడి పనివారు తారాబాయి మోదక్. ఆమె 1945లో మహారాష్ట్రలోని బోర్డీ గ్రామమునకు పోయి పల్లె పిల్లలకు బడి పెట్టినది. 1957లో కోస్బాడ్ కొండకు చేరి వార్లీ ఆదివాసుల నడుమ అనుతాయి వాఘ్ గారితో కలిసి పని సాగించినది. పిల్లలు బడికి రానిచో బడి పిల్లల ముంగిటికి పోవలెనని వారి పద్ధతి. విలువగల మాంటిస్సోరీ పరికరములకు బదులు గులకరాళ్లు, ఆకులు, గింజలు వాడిరి. అంగన్‌వాడీ యను మాట, అనగా ముంగిటి బడి, వారి పనినుండి వచ్చినదే. 1975 అక్టోబరు 2 నాడు దేశమున ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకమునకు ఆ పేరే అతికినది. మన వీథిలోని అంగన్‌వాడీకి ఇంత కథ యున్నదని అచటి కార్యకర్తకు చెప్పగా ఆమె, "మాకెవరూ చెప్పలేదండీ. బియ్యం లెక్కలే చెప్పేరు" అనెను.

ఇచటికి వచ్చునప్పటికి మా ఊరి పెద్ద గుర్తుకు రాక మానడు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో జన్మించి 1940లో గతించిరి. ఆయన జన్మదినమగు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. సభలలో వ్యావహారిక భాషోద్యమమునే చెప్పుదురు గాని, ఆయన ఈ పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి చుట్టుపట్ల కొండలపై నివసించు సవరల భాష నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పు బడులు నడపిన సంగతి అంతగా చెప్పరు. సవర బిడ్డకు తెలుగు రాదు. తెలుగు బడిలో కూర్చుండబెట్టినచో నోరు మెదపదు. దీనిని గ్రహించుటకు ఆయనకు పట్టము కావలసిరాలేదు. ఒడిశా ప్రభుత్వము 2007లో సవరతో కలిపి పది ఆదివాసి భాషలలో బహుభాషా విద్యను మొదలిడినది. అంతకు నూరేండ్లకు మునుపే మన వీథులలో తిరిగిన ఉపాధ్యాయుడొకడు ఆ పని చేసియుండెను. ఈ విషయము మేము ఒక వ్యాసముగా వ్రాసి పంపగా, మా తోటి విద్యార్థులు దేశపు నాలుగు మూలలనుండి, ఆయన ఎవరు, పుస్తకములెచట దొరకును అని యడిగిరి. (వాడుక భాషకై పోరాడినవానిని గూర్చి ఈ గ్రాంథికమున వ్రాయుట చూచినచో ఆయన మీసము మెలివేసి నవ్వియుండును. మన పత్రిక ఆచారము ఇట్టిది, ఏమి చేయుదుము?)

ఇప్పుడు అక్షరముల సంగతి. తలిదండ్రులు దీనిని శ్రద్ధగా చదువ ప్రార్థన. ఇంగ్లీషు నర్సరీ పిల్ల మూడు మాసములలో 26 అక్షరములు ఒప్పజెప్పును. మన పిల్ల సంవత్సరము గడచినను గుణింతముల వద్దనే తచ్చాడుచుండును. మన బడి మందమని మీలో కొందరి అభిప్రాయము. లెక్క చూడుడు. తెలుగున అక్షరములు 56 అని వల్లింతుము గాని, హల్లు హల్లునకు గుణింతము, ఆపై ఒత్తులు కలియగా కన్ను గుర్తింపవలసిన రూపములు వందలకొలది యగును. మన లిపికి తోబుట్టువగు కన్నడ లిపిని పిల్లలు నేర్చు విధమును సొనాలీ నాగ్ పరిశోధించి 2007లో ప్రచురించినది. ఆ లిపిలో అక్షరములన్నిటిపై పట్టు ఒక యేట రాదనియు, ప్రాథమిక తరగతులు కొన్ని గడచువఱకు సాగుననియు అందు తేలినది. అది బిడ్డ లోపము కాదు, పంతులమ్మ లోపమును కాదు. ఏతము పెద్దది, నీరు పైకి వచ్చుటకు కాలము పట్టును. వచ్చిన పిమ్మట పిల్ల చదువు మాటలో పలుకునకును వ్రాతకును పేచీ యుండదు. ఇంగ్లీషున ఆ పేచీ జీవితాంతము ఉండును. మా వ్యాసములలో దిద్దబడిన స్పెల్లింగులే సాక్ష్యము.

పాఠ్యగ్రంథమున ఒక అభ్యాసము కలదు. 'క్యాట్' అను మాటను మూడు ధ్వనులుగా విడదీయుమని బిడ్డనడుగవలెను. మన బిడ్డను 'కాకి' విడదీయుమన్నచో వెంటనే చప్పట్లు కొట్టుచు కా, కి అని రెండుగా విడదీయును. నాలుగు ధ్వనులుగా విడదీయదు. ఆమె చెవికి అక్షరమే విడి ముక్క. పుస్తకపు కొలత ప్రకారము ఆమె వెనుకబడినది. ఈ కొలత మన భాషకు చెల్లదని కారణములతో ఆచార్యులవారికి వ్రాసితిమి. ఆయన మూడు దినముల తరువాత, మీ పద్ధతినే కొలిచి పంపుడని యనుమతించిరి. ఈ చదువులో మేము పొందిన మార్కులన్నిటికన్న ఆ జాబు మాకు విలువైనది. ఇంకొక మాట: ఒడియా లిపికూడ అక్షర లిపియే. తెలుగున గుణింతపు కీలకమును పట్టుకొన్న పిల్లకు ఒడియా క్రొత్త రూపములు నేర్చుటయే గాని క్రొత్త విద్య కాదు.

మూడవ షణ్మాసమున ఒక్క బిడ్డను ఆరు వారములు గమనించి వ్రాయవలసి వచ్చెను. నియమము చిత్రమైనది. చూచినది వ్రాయవలెను, అనుకొన్నది వ్రాయరాదు. 'పిల్ల మొండిది' అని వ్రాయరాదు. 'పిల్ల రెండుమార్లు తల అడ్డముగా ఊపి గోడవైపు తిరిగినది' అని వ్రాయవలెను. ఈ నియమము పాటింప గడంగినచో ఇరుగుపొరుగుల సంభాషణ సగము ఆగిపోవును.

ఆ బిడ్డకు నాలుగేండ్లు. పేరు చెప్పరాదు గనుక చిట్టి యందము. ఆమె ఉదయము ఇంగ్లీషు నర్సరీకి పోవును. వారు దయతో ఒక వారము వెనుక బల్లపై కూర్చుండనిచ్చిరి. తక్కిన దినములు సాయంకాలము చిట్టి యింటి ముంగిట. ముంగిట చిట్టి అంగడి పెట్టును. ఇసుక పంచదార, మందారపు రేకులు మిరపకాయలు. బొమ్మను తెలుగున తిట్టును. బేరగాడు రాగానే ఒడియాకు మారును. ఆమె ఎరిగిన అంగడివాడు ఒడియావాడు గదా. లెక్క తెలుగున. పరుగుపందెమునకు మాత్రము 'వన్ టూ త్రీ'. పావుగంటలో ఆమె పలుకు మాటలను వ్రాయలేక మా ఇద్దరి కలములును అలసెను. నర్సరీలో ఆ వారమంతటను చిట్టి పలికిన మాటలు నాలుగు. 'ఎస్ మిస్' రెండుమార్లు. అచటి ఉపాధ్యాయిని మంచిది, కోపము లేనిది. ఆమె చిట్టి తల్లిని చాటుగా పిలిచి, బిడ్డకు మాటలు సరిగా వచ్చినవా, వైద్యునికి చూపితిరా అని యడిగెనట. తల్లి ఆ రాత్రి అన్నము తినలేదు.

క్రొత్త భాష నడుమ పడిన పసిబిడ్డ కొంతకాలము మౌనముగా నుండుట సాధారణమని గ్రంథములు చెప్పును. ఆ మౌనము రోగము కాదు. పలువురికి క్రమముగా తొలగిపోవును. మేమాసంగతి చిట్టి తల్లికి చెప్పి, మా నోటుపుస్తకమున ముంగిటి అంగడి పుటలు చదివి వినిపించితిమి. ఆమె నవ్వెను, పిమ్మట కన్నీరు పెట్టెను. మౌనము తొలగునేమో గాని, నాలుగేండ్ల వయస్సు తిరిగి రాదు. ఇసుకను పంచదార చేసి అమ్మగల బిడ్డకు ఆ యేడంతయు 'ఎస్ మిస్'తో గడచినచో, ఆమెకు తెలిసినది ఎవరికి తెలియును?

తలిదండ్రుల సభలో ఈ విషయములు చెప్పితిమి. ఒక తండ్రి లేచెను. ఆయన మన బడిలోనే చదివినవాడు. "అమ్మా, నేను తెలుగులోనే చదివేను. పది దాటేక కాలేజీలో ఇంగ్లీషు వినపడితే గుండె దడదడలాడేది. ఆఫీసులో ఒడియా కావాల. తెలుగులో మొదలెట్టి మా పాప ఎక్కడికి పోవాల?" అని యడిగెను. సభ నిశ్శబ్దమయ్యెను. ఆయన మాటలో కల్ల లేదు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప వలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350ఎ అధికరణము చెప్పును. అది ప్రాథమిక దశతో ఆగును. ఆవలి ఒడ్డునకు వంతెన ఎవరు కట్టుదురని అందు లేదు. హక్కును గూర్చి ఉపన్యసించి ఆయన నోరు మూయించుట మాకు సమ్మతము కాలేదు.

నైజీరియాలో ఈఫే నగరమున 1970లో జరిగిన ప్రయోగమును చెప్పితిమి. ఫఫున్వా అను ఆచార్యుని పూనికతో అచట కొందరు పిల్లలకు ఆరేండ్ల ప్రాథమిక విద్యను తమ యొరుబా భాషలో నేర్పి, ఇంగ్లీషును ఒక పాఠ్యాంశముగా శ్రద్ధగా చెప్పిరి. మరికొందరికి మామూలుగా నడుమ ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చిరి. యొరుబాలో చదివినవారు ఇతర విషయములందే గాక ఇంగ్లీషునందును వెనుకబడలేదు. కెనడా పండితుడగు కమ్మిన్స్ 1979లో ఇట్టి ఫలితములకు కారణము వివరించెను. ఒక భాషలో గట్టిపడిన ఆలోచన రెండవ భాషలోనికి తోడు వచ్చునని ఆయన సిద్ధాంతము. అయితే ఈఫేలో ఇంగ్లీషును చెప్పినవారు ఆ పనికి తరిఫీదైన ఉపాధ్యాయులు. ఆ మాటను విడిచి తక్కినది మాత్రము చెప్పుట మోసమగును. కావున దానినికూడ చెప్పితిమి.

"అయితే శిశువర్గంలో ఇంగ్లీషు చెప్తారా, చెప్పరా?" అని ఆయన సూటిగా అడిగెను. దినమునకు కొంతసేపు పాటగా, ఆటగా, వినికిడిగా చెప్పుదుము; వ్రాత పెట్టము; ఒడియాకును అట్లే చోటిత్తుము; తక్కిన కాలమంతయు తెలుగు అంటిమి. "రాసియ్యండి" అనెను. వ్రాసి, ఇద్దరమును సంతకము పెట్టి యిచ్చితిమి. ఆయన దానిని మడచి చొక్కా జేబులో పెట్టుకొనెను. అట్టి కాగితము కావలసినవారికి మరల వ్రాసి యిచ్చుటకు సిద్ధముగా నున్నాము.

మాకింకను ఒక షణ్మాసము మిగిలియున్నది. శిశువర్గము మాత్రము వేసవి సెలవుల పిమ్మట బావి ప్రక్క గదిలో తెరువబడును. బావికి మూత వేయించిరి. ఇప్పటికి 11 పేర్లు నమోదైనవి. బల్లలు వలదంటిమి, చాపలు చాలును. పెద్ద తరగతుల విద్యార్థులు సాయము చేయగోరినచో కావలసిన సామగ్రి యిది. కడిగి ఎండబెట్టిన కొబ్బరి చిప్పలు, తాటి టెంకలు, పాత చీరల ముక్కలు, మూతలు గట్టిగా బిగియు డబ్బాలు, మీ చిన్ననాటి లక్కపిడతలు. చింతపిక్కలును, గచ్చకాయలును తెచ్చిన వేఱుగా మూటకట్టి తెండు. అవి ఒకటి రెండు తరగతులకు లెక్కలకై ఉంచెదము. మూడేండ్లవారి చేతికి నోటిలో పట్టు చిన్న వస్తువేదియు ఈయరాదు.

మరియొకటి. మీ యిండ్లలోని అమ్మమ్మలు, నాయనమ్మలు పాడు జోలపాటలు, చెప్పు పొడుపుకథలు, పిల్లలను ఆడించు మాటలు వ్రాసి తెండు. వారు పలికినది పలికినట్లే వ్రాయుడు, దిద్దవలదు. ఒక్కొక్కటి ఒక్కొక్క కాగితముపై వ్రాసి, క్రింద ఆమె ఊరిపేరు వేయుడు. పెట్టె ప్రధానోపాధ్యాయుల గది గుమ్మము వద్ద నున్నది.